రేవు మనిషి లేచి కూర్చున్నాడు, పేరు సీసాకొచ్చింది

ఒడిశాలో, గంజాం జిల్లా బరంపురంలో మందుల షాపు పెట్టి ఇరవై రెండేళ్లయింది. ఇన్నేళ్లలో నా కౌంటరు ముందు నిలబడి "ఫలానా మందు నన్ను బతికించింది" అని చెప్పినవాళ్లు వందల్లో ఉంటారు. "ఫలానా మందు నాకు పనిచెయ్యలేదు" అని చెప్పడానికి పనిగట్టుకుని వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బాగుపడినవాడు మళ్లీ వస్తాడు, పడనివాడు వేరే షాపుకి పోతాడు. అంచేత మందుల గురించి నాకు తెలిసిందంతా సగం కథేనని అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. దాన్ని అర్థమయ్యేలా చేసింది ఒక రేవు కూలీ.

గోపాలపూర్ పక్కనున్న తెలుగు పల్లె అతనిది. ఒడియావాళ్లు వాళ్లను నోలియాలంటారు. తాతలది వేట, ఇతనిది రేవులో కంట్రాక్టు పని. ఓడలో సరుకు యంత్రాలు తోడేశాక అడుగున, మూలల్లో మిగిలిపోయినదాన్ని పారతో లాగి, ఊడ్చి పోగుచెయ్యాలి. దిగేది ఇనుప నిచ్చెన మీద, ఎక్కేదీ దాని మీదే. పోయినేడాది వర్షాకాలానికి ముందు నుంచి అతనికి ఆ నిచ్చెన ఎక్కడం కష్టమైంది. నాలుగు మెట్లకే గుండె దడ. సాయంత్రానికి పాదాలకు నీరు పట్టేది, వేలితో నొక్కితే గుంట అలాగే ఉండేది. కళ్ల కింద రెప్ప తిప్పి చూస్తే తెల్లకాగితం. అన్నిటికంటే ముందు భార్య కనిపెట్టింది ఇంకోటి: అన్నానికి కడగబోతున్న పచ్చి బియ్యం గుప్పెడు తీసి నములుతున్నాడట, రోజూ. చిన్నపిల్లలు సుద్దముక్క తిన్నట్టు.

మస్టరు రాసే కుర్రాడు ఒక టానిక్ పేరు చెప్పాడు. ఎర్ర సీసా, మీద కండలు తిరిగిన మనిషి బొమ్మ. ఖరీదు 180 రూపాయలు. అమ్మింది నేనే. రెండు నెలలు తిరిగేసరికి మనిషి మనిషిలా వచ్చి కౌంటరు మీద చెయ్యి వేసి, "అమృతం బాబూ అది. మూడు రోజులకే లేచి కూసున్నాను" అన్నాడు. పక్కనే మందు కోసం నిలబడ్డ ఇద్దరు ఆ మాట విని చెరో సీసా పట్టుకెళ్లారు. నేను ఒక్క ముక్క మాట్లాడకుండా ఆ రోజు రెండు సీసాలు అమ్ముడుపోయాయి.

అతను వెళ్లబోతూ ఇంకో మందు కోసం జేబులోంచి కాగితాల మడత తీశాడు. అందులో సర్కారీ డాక్టర్‌ఖానా చీటీ ఒకటుంది. రక్తపరీక్ష: హిమోగ్లోబిన్ 6.4. కింద ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు, ఒక్కసారి. దాని కింద ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు. ఎనిమిది వారాల తర్వాత తేదీతో రెండో పరీక్ష: 10.6. "ఇవి వేసుకున్నావా?" అని అడిగాను. "ఆ ఎర్ర మాత్రలా? అవి ఊరికే ఇచ్చినవి బాబూ. నా ఆడది రాత్రి అన్నం తిన్నాక నోట్లో పెట్టేది" అన్నాడు. తీరిగ్గా అడిగితే ఇంకా బయటపడింది. ఆ రెండు నెలల్లో అయిదు వారాలు పనిలోకే పోలేదు, అత్తవారింట్లో ఉన్నాడు. రోజూ చేపలు.

కాకి వాలింది, తాటిపండు రాలింది. కాకతాళీయం అన్న మాటను మనం "అనుకోకుండా జరిగింది" అనే అర్థంలో వాడేసి వదిలేస్తాం గానీ, అందులో అసలు ప్రశ్న వేరే ఉంది. కాకి బరువుకి పండు రాలిందా, ముచ్చిక ఎండి రాలబోయే పండు మీద కాకి వాలిందా? మన రేవు మనిషి విషయంలో చెట్టు మీద ఒక కాకి కాదు, నాలుగు వాలాయి: సీసా, పురుగుల మాత్ర, ఎర్ర మాత్రలు, విశ్రాంతితో కలిసిన తిండి. అతనికి కనిపించింది ఒక్కటే, తను డబ్బు పెట్టి కొన్నది.

అసలు రోగం ఏమిటో చూద్దాం. ఆ చీటీ రాసిన డాక్టరు అనుమానించింది కొంకిపురుగుని. కడుపులో పాములనగానే మనకు పొడుగ్గా కనిపించే ఏలికపాములు గుర్తొస్తాయి. కొంకిపురుగు అంత ఆర్భాటం చెయ్యదు. సెంటీమీటరు పొడవుంటుంది, పేగు గోడను పట్టుకుని రక్తం తాగుతుంది. 1838లో మిలాన్‌లో డుబిని అనే వైద్యుడు శవపరీక్షలో దీన్ని మొదటిసారి గుర్తించాడు. అది ఒంట్లోకి ఎలా వస్తుందో మాత్రం ఇంకో అరవై ఏళ్లకు గానీ తెలియలేదు. 1898 ప్రాంతంలో కైరోలో లూస్ అనే శాస్త్రవేత్త చేతి మీద పురుగు పిల్లలున్న నీటి చుక్క పడింది. చర్మం దురద పెట్టి ఎర్రబడింది, కొన్ని వారాలకు ఆయన మలంలోనే గుడ్లు కనిపించాయి. నోట్లోంచి కాదు, చర్మంలోంచి వస్తుందన్నమాట. ముఖ్యంగా అరికాళ్లలోంచి.

దీనికి ఎలాంటి నేల కావాలో చెప్తాను, గంజాం తీరం తెలిసినవాళ్లకి వెంటనే కళ్లకు కడుతుంది. తేమ ఉండాలి, నీడ ఉండాలి, ఇసుక కలిసిన గుల్ల మట్టి ఉండాలి. గోపాలపూర్ నుంచి ఛత్రపురం దాకా ఊళ్ల వెనకాల, కాలవ గట్ల మీద మొగలి పొదలు. మొగలి అత్తరుకి గంజాం పెట్టింది పేరు, ఇక్కడి పువ్వుకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ పొదల కింద ఎండ పడదు, ఇసుక ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. తెల్లవారుజామున చెంబు పట్టుకుని ఊరు వెళ్లే చోటు కూడా అదే. ఒకడి కడుపులోని గుడ్డు అక్కడ పడుతుంది, వారం తిరక్కుండా పిల్ల పురుగై ఇంకొకడి అరికాలు కోసం కాచుకుని ఉంటుంది. చెప్పులు వేసుకుంటే ఇసుకలో కూరుకుపోతాయని ఎవరూ వేసుకోరు. ఆ దారిలో నడిస్తే వేళ్ల సందుల్లో రెండు రోజులు దురద పెడుతుంది, తర్వాత పోతుంది. ఆ దురదను ఎవరు పట్టించుకుంటారు?

ఇప్పుడు లెక్క. షాపువాడిని గనక జమాఖర్చు రాసినట్టే చెప్తాను. కొంకిపురుగుల్లో మన వైపు ఎక్కువగా ఉండే రకం ఒక్కొక్కటి రోజుకి సుమారు 0.03 మిల్లీలీటరు రక్తం ఖర్చు చేయిస్తుంది. ఒక చుక్క కూడా కాదు. అలాంటివి 500 ఉంటే రోజుకి 15 మిల్లీలీటర్లు. ఆరోగ్యంగా ఉన్న రక్తం ఒక మిల్లీలీటరులో అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. అంటే రోజుకి 7 మిల్లీగ్రాములు పైచిలుకు పోతోంది. రక్తం పలచబడ్డాక కూడా 3 దాకా పోతుంది. తిండిలోంచి ఒంటికి పట్టే ఇనుము మామూలుగా రోజుకి 1 నుంచి 2 మిల్లీగ్రాములే. జమ రెండు, ఖర్చు మూడు నుంచి ఏడు. ఏ షాపైనా దివాలా తియ్యాల్సిందే. గోపాలపూర్ రేవులో దిగే, ఎక్కే సరుకుల్లో ముడి ఇనుము కూడా ఒకటి. రోజంతా ఆ ఎర్రదుమ్ములో నిలబడి పార లాగే మనిషికి ఒంట్లో చెంచాడు ఇనుము లేదు. పచ్చి బియ్యం నమలాలనిపించడం కూడా అందువల్లే. ఇనుము తగ్గినవాళ్లకి మట్టి, సుద్ద, బియ్యం, ఐసుముక్కల మీద వింత ఆశ పుడుతుంది. అదెందుకో పూర్తిగా తేలలేదు గానీ, ఇనుము ఎక్కించగానే ఆ ఆశ పోవడం మాత్రం డాక్టర్లు రోజూ చూసేదే.

రక్తహీనత అంటే కొంకిపురుగు ఒక్కటే అనుకోకండి. గజపతి, రాయగడ, కొరాపుట్ కొండల నుంచి వచ్చేవాళ్లలో మలేరియా ఉండొచ్చు, సికిల్ సెల్ ఉండొచ్చు. సికిల్ సెల్‌లో రక్తకణాలు తొందరగా విరిగిపోతాయి, సాధారణంగా ఇనుము కొరత కాదు. అలాంటివాళ్లు పరీక్ష లేకుండా ఏళ్ల తరబడి ఐరన్ టానిక్ తాగితే లాభం లేకపోగా ఇనుము ఒంట్లో పేరుకుపోయే ప్రమాదం. "రక్తం తక్కువ" అన్న ఒకే మాట వెనక నాలుగైదు వేరు వేరు రోగాలుంటాయి. సీసా మీది బొమ్మకు ఆ తేడా తెలియదు.

సరే, సీసాలో ఏముంది? చత్వారం కళ్లజోడు పెట్టుకుని లేబులు మొత్తం చదివాను, అమ్మడం మొదలుపెట్టిన చాలా ఏళ్ల తర్వాత. లోహభస్మం (ఇనుము కాల్చి చేసేది), మండూరం (ఇనుప చిట్టెం), ఉసిరి, పునర్నవ, ఇంకో పది మూలికలు, బెల్లం. చివర చిన్న అక్షరాల్లో, పులియడం వల్ల దానంతటదే పుట్టిన ఆల్కహాలు ఉందని. ఆయుర్వేదంలో పులియబెట్టి చేసే ఆసవాలు, అరిష్టాలు అన్నిటిలోనూ ఇది కొంత ఉంటుంది, అది పద్ధతి ప్రకారం చేసే మందే. కాబట్టి సీసాలో ఇనుము ఉంది, లేదనడానికి వీల్లేదు. కాకపోతే భస్మంలోది ఎక్కువగా ఆక్సైడు రూపంలో ఉండే ఇనుము, పేగు దాన్ని అంత తేలిగ్గా పీల్చుకోదు. ఆస్పత్రి మాత్రలో ఉండే ఇనుము లవణం దానికంటే బాగా పడుతుంది, ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాములు.

"మూడు రోజులకే లేచి కూసున్నాను" అన్నాడే, దాని సంగతేమిటి? ఇనుము మూడు రోజుల్లో రక్తం చెయ్యదు. ఎముక మూలుగలో కొత్త కణాలు తయారై బయటికి రావడానికి వారం, పది రోజులు. హిమోగ్లోబిన్ ఒక గ్రాము పెరగడానికి రెండు మూడు వారాలు పడుతుంది, బాగా పలచబడిపోయినవాళ్లలో ఇంకొంచెం వేగంగా పెరుగుతుంది. ఎనిమిది వారాల్లో 6.4 నుంచి 10.6 అంటే సరిగ్గా ఐరన్ మాత్ర పనిచేసిన తీరు. మూడో రోజు అతన్ని లేపినవి వేరే: నిచ్చెన ఎక్కే పని ఆగిపోయింది, సీసాలోని బెల్లం, కాస్త ఆల్కహాలు ఒంటికి వెచ్చదనం ఇచ్చాయి, రాత్రి నిద్ర పట్టింది, 180 రూపాయలు పెట్టానన్న నమ్మకం తోడైంది. నమ్మకాన్ని తేలిగ్గా తీసెయ్యను. నీరసం, నొప్పి, ఆకలి లాంటివి నమ్మకం మాట కొంత వింటాయి. రక్తపరీక్ష కాగితం వినదు.

సొమ్మొకడిది, సోకొకడిది. పురుగుల్ని చంపింది ఒక్క మాత్ర, రక్తం పట్టించింది పేరు లేని ఎర్ర మాత్ర, పేరు మాత్రం బొమ్మున్న సీసాకి. సీసాకి వాటా బొత్తిగా లేదని నేననను. దాని ధైర్యంతోనే అతను అత్తవారింటికి పోయి పడుకున్నాడేమో. కానీ వాటా ఎంతో తేల్చాలంటే అతనొక్కడిని అడిగితే సరిపోదు. నేను అడిగి చూశాను. వాళ్ల గ్యాంగులో అదే సీసా ఇంకో నలుగురు తాగారట. ఇద్దరికి ఏమీ తెలియలేదు. ఒకడు మా అందరి గంజాం కుర్రాళ్లలాగే మగ్గాల పనికి సూరత్ పోయాడు, వాడి సంగతి ఎవరికీ తెలియదు. నాలుగోవాడు ఇంకా కొంటున్నాడు, అంటే ఇంకా బాగుపడలేదనే కదా. ఆ నలుగురిలో ఒక్కడూ నా కౌంటరు మీద చెయ్యి వేసి మాట్లాడలేదు.

ఈ కథను అచ్చులోకి ఎక్కించి ప్రపంచమంతా అమ్మినవాళ్లు నూట ముప్పై ఏళ్ల క్రితమే ఉన్నారు. 1890లో కెనడాలోని బ్రాక్‌విల్‌లో జార్జ్ టేలర్ ఫుల్‌ఫర్డ్ అనే వ్యాపారి ఒక మాత్ర హక్కుల్ని 53 డాలర్ల చిల్లరకి కొన్నాడు. దాని పేరు "డాక్టర్ విలియమ్స్ పింక్ పిల్స్ ఫర్ పేల్ పీపుల్", అంటే పాలిపోయినవాళ్లకి గులాబీ మాత్రలు. ఫుల్‌ఫర్డ్ గొప్ప మందేమీ కనిపెట్టలేదు, గొప్ప కథ కనిపెట్టాడు. అతని ప్రకటన ప్రకటనలా ఉండేది కాదు, పత్రికలో వార్తలా ఉండేది. విలేకరి ఒకడు ఒక రేవు కూలీ ఇంటికో, గని కార్మికుడి ఇంటికో, బట్టల మిల్లు పిల్ల ఇంటికో వెళ్తాడు. అతను ఎన్నాళ్లు మంచం పట్టాడో, ఎంతమంది డాక్టర్లు పెదవి విరిచారో, భార్య పేపర్లో ఎలా చూసిందో, ఎన్నో పెట్టెకి లేచాడో, ఇప్పుడు ఎన్ని మూటలు మోస్తున్నాడో వివరంగా రాస్తాడు. ఊరి పేరు, వీధి పేరు అన్నీ ఉంటాయి. చివర మాత్రం మాత్రల పేరులోని ఏడు మాటలూ పెట్టె మీద ఉంటేనే అసలైనవని హెచ్చరిక.

కూలీనే ఎందుకు పట్టుకొస్తారో గమనించారా? జమీందారుకి నీరసం తగ్గిందంటే ఎవడికీ పట్టదు. మోసేవాడు మళ్లీ మోశాడంటే అందరికీ తెలిసే కొలత అది. ఒళ్లు నమ్ముకుని బతికేవాడు ఒళ్లు బాగుపడిందంటే అబద్ధం ఎందుకు చెప్తాడు అనిపిస్తుంది. నిజానికి అతను చెప్పడు కూడా. మన రేవు మనిషి అబద్ధం చెప్పలేదు.

1909లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ ఇలాంటి రహస్య మందుల్ని లాబొరేటరీలో విడదీసి, ఏ మందులో ఏముందో పుస్తకంగా అచ్చేసింది. గులాబీ మాత్రలో తేలినవి ఐరన్ సల్ఫేటు, పొటాషియం కార్బొనేటు, కొద్దిగా మెగ్నీషియా, అతిమధురం పొడి, చక్కెర. అంతే. ఇనుము, పొటాషియం కార్బొనేటు కలిపి ఇచ్చే మాత్ర డాక్టర్లకు కొత్తది కాదు, ఫ్రాన్సులో బ్లో అనే వైద్యుడు 1832లోనే వాడాడు. అంటే పాలిపోయిన ఆడపిల్ల ఈ మాత్ర మింగి బాగుపడిందంటే ఆశ్చర్యం లేదు, నిజంగానే బాగుపడి ఉంటుంది. గొడవంతా ఎక్కడంటే, అదే మాత్రని పక్షవాతానికీ, కీళ్లవాతానికీ, నరాల జబ్బులకీ కూడా అమ్మారు. రక్తహీనతలో సంపాదించుకున్న మంచిపేరుని మిగతా రోగాల మీద అప్పుగా వాడుకున్నారు. పేటెంటు మందుల విద్య మొత్తం ఈ ఒక్క ఎత్తులో ఉంది. పూర్తి అబద్ధం ఎక్కువకాలం అమ్ముడవదు. ముప్పావు అబద్ధం వందేళ్లు అమ్ముడవుతుంది.

ఇప్పుడు మన బళ్లలో 5 నుంచి 9 ఏళ్ల పిల్లలకి వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర రంగు కూడా గులాబీయే. పెద్దపిల్లలకి నీలం, ఆడవాళ్లకి ఎరుపు. ఆ గులాబీ మాత్రకి కథా లేదు, విలేకరీ లేడు. ఆదివారం సంతలో దాన్ని పొగిడేవాడు ఒక్కడూ నాకు కనిపించలేదు.

"పేటెంటు" అన్న మాట కూడా పెద్ద తికమక. మా షాపుకొచ్చే చదువుకున్నవాళ్లే, పేటెంటు ఉందంటే ప్రభుత్వం పరీక్షించి ముద్ర వేసిందనుకుంటారు. ఇంగ్లండులో ఒకప్పుడు రాజుగారి అనుమతి పత్రం పొందిన మందుల్ని అలా పిలిచేవారు, ఆ పేరు తర్వాత అందరికీ అంటుకుంది. నిజంగా పేటెంటు తీసుకోవాలంటే అందులో ఏముందో బయటపెట్టాలి, గడువు తీరాక ఎవరైనా చేసుకోవచ్చు. ఇది ఈ వ్యాపారులకి అక్కర్లేదు. వాళ్లకి కావలసింది రహస్యంగా ఉండే పాకం, ఎప్పటికీ తమదైన పేరు. అందుకే చాలా పేటెంటు మందులకి అసలు పేటెంటే లేదు, ఉన్నది ట్రేడ్‌మార్కు. మన చట్టం ప్రకారం ఆయుర్వేదంలో పేటెంటు లేదా ప్రొప్రైటరీ మందు అంటే, అందులోని దినుసులు చట్టం గుర్తించిన గ్రంథాల్లో ఉండాలి, వాటిని కలిపిన పాళ్లు మాత్రం కంపెనీ సొంతం. లోహాసవం అని గ్రంథంలో ఉన్న మందు ఏ కంపెనీ చేసినా లోహాసవమే. ఎర్ర సీసా అలా కాదు. మార్జిన్ కూడా అందుకే దాంట్లో ఎక్కువ. పది సీసాలకి రెండు ఉచితం అని స్కీమ్ ఇస్తే, ముందు వరసలో ఏది పెడతానో నేను వేరే చెప్పాలా?

మన తాతల కాలంలో ఈ మందుల మంచి చెడ్డా రెండూ రేవు దారినే వచ్చాయి. గంజాం 1936 దాకా మద్రాసు రాజధానిలోదే. అప్పట్లో గోపాలపూర్‌లో ఓడ ఒడ్డుకి వచ్చేది కాదు, లోపలే లంగరు వేసేది. అలల మీంచి మసులా పడవల్లో మనుషుల్ని చేరవేసేవాళ్లు. అలా ఎక్కి వేలమంది తెలుగువాళ్లు రంగం, అంటే బర్మాలోని రంగూన్ పోయారు. రంగూన్ రేవులో మూటలు మోసింది ఎక్కువగా వాళ్లే, 1930 మే నెలలో అక్కడి అల్లర్లలో దెబ్బతిన్నదీ వాళ్లే. టైగర్ బామ్ కుటుంబం మందుల దుకాణం పెట్టింది ఆ రంగంలోనే. బామ్‌తో డబ్బు చేసిన ఆ ఇంటి రెండో కొడుకు ఔ బూన్ హా తర్వాత సింగపూర్‌లో 1929లో పత్రిక పెట్టాడు. అతనికంటే చాలా ముందే మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, సంగీత సభల్లో ఉచితంగా పంచి పేరు తెచ్చి, 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. ఎక్కడో ఉన్న ఇద్దరూ తలనొప్పి మందుతో పత్రిక నడపడం నాకు భలే ముచ్చటేస్తుంది. పత్రికకి మందు ప్రకటన కావాలి, మందుకి పత్రిక కావాలి. అమృతాంజనం తలనొప్పికనే అమ్మారు, కర్పూరం, పుదీనాపువ్వు లాంటివి రాస్తే చర్మం చల్లబడి నొప్పి మీంచి ధ్యాస మళ్లుతుంది. అదీ పేటెంటు మందే. నేను కోపగించుకోవలసింది పేటెంటు మందు మీద కాదు అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

కోపగించుకోవలసినవి వేరే ఉన్నాయి. ఇచ్ఛాపురం నుంచి ఒక పెద్దామె కీళ్లనొప్పుల పొడి పొట్లం తెచ్చి అలాంటిదే ఇమ్మంది. ముఖం పున్నమి చంద్రుడిలా ఉబ్బి ఉంది, చేతి మీద చర్మం ఉల్లిపొరలా ఉంది. మూలికల పొడి అని చెప్పి స్టిరాయిడ్ కలిపి అమ్మేవాళ్లుంటారు, నొప్పి పూటలో పోతుంది, ఆ తర్వాత షుగరు, ఎముకలు గుల్లవడం, హఠాత్తుగా మానేస్తే ప్రాణం మీదికి రావడం. ఆమెను ఆ పొట్లంతో సహా డాక్టరు దగ్గరికి పంపాను. ఇంకో సంగతి. 2004లో అచ్చయిన ఒక పరిశోధనలో, అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే 14లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఎక్కువగా తేలింది. సీసం చేసే చెడుల్లో ఒకటి ఏమిటో తెలుసా? రక్తహీనత. రక్తం పట్టడానికి తాగే మందే రక్తాన్ని తినెయ్యొచ్చు.

చట్టం లేక కాదు. 1954 నాటి మందులు, మాయామందుల ప్రకటనల చట్టం పక్షవాతం, మధుమేహం, క్యాన్సర్, కీళ్లవాతం వంటి 54 రోగాలకూ లక్షణాలకూ మందంటూ ప్రకటించకూడదంటుంది. ఎత్తు పెంచుతామనడం కూడా ఆ జాబితాలో ఉంది. బస్సుల వెనక చూసేవాళ్లకి నవ్వొస్తుంది. తెలివైన కంపెనీ రోగం పేరు ఎత్తదు. నీరసం అంటుంది, బలం అంటుంది, "ఇంటిల్లిపాదికీ" అంటుంది. మిగతా కథ మస్టరు కుర్రాడు చెప్తాడు, నా కౌంటరు ముందు రేవు మనిషి చెప్తాడు. ఆ నోటిమాటను ఆపే చట్టం ఎక్కడిది?

ఆ గులాబీ మాత్రల ప్రకటనల్లో ఒక లోపం నాకు ఈ మధ్యే తట్టింది. విలేకరి ఒక్కసారే వెళ్తాడు, మనిషి లేచిన వారంలోనే. ఆర్నెల్ల తర్వాత ఎవరూ వెళ్లరు. ఇనుము లెక్కలో అసలు కథ ఆర్నెల్లకే తెలుస్తుంది. హిమోగ్లోబిన్ మామూలుకి వచ్చాక కూడా కనీసం ఇంకో మూడు నెలలు మాత్ర వేసుకుంటే గానీ ఒంట్లో నిల్వ నిండదు. బాగున్నాను కదా అని ఆపేస్తే, కాళ్లకు చెప్పుల్లేకుండా అదే దారిలో నడిస్తే, మళ్లీ మొదటికే.

ఈ వర్షాకాలం అతను వచ్చాడు. ఎర్ర సీసా ఇంకోటి కావాలన్నాడు. కంటి రెప్ప తిప్పి చూపించమన్నాను, పాలిపోయింది. మాత్రలు రెండు నెలలకే ఆపేశాడట, మలం నల్లగా పోతోందని భయపడ్డాడు. ఐరన్ మాత్ర వేసుకుంటే అలాగే పోతుందని అతనికి ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. టీతో వేసుకున్నాడా అంటే, అవును, టీతోనే. టీతో వేసుకుంటే ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. సీసా తియ్యకుండా మళ్లీ డాక్టర్‌ఖానాకి పంపించాను, సాయంత్రానికి చీటీతో తిరిగొచ్చాడు. హిమోగ్లోబిన్ 8.9. అక్కడ ఆ రోజు పురుగుల మాత్ర అయిపోయిందని బయట కొనుక్కోమన్నారు, ఇంట్లో నలుగురికీ రాశారు.

నాలుగు మాత్రలు కత్తిరించి కవర్లో వేసిచ్చాను. ఎంత అని అడిగాడు. చెప్పాను. నలుగురూ టీ, బొండా తిన్న ఖరీదు కూడా లేదు.

"ఇంతేనా?" అని కవరు అటూ ఇటూ తిప్పి చూశాడు. కాళ్లకేసి చూశాను. కొత్త రబ్బరు చెప్పులున్నాయి. "ఇవి ఊళ్లోకి వచ్చేప్పుడు వేసుకుంటాను బాబూ" అన్నాడు.

"మొగల్లోకి పోయేటప్పుడు?"

"అక్కడా? ఇసకలో తెగిపోవూ" అని నవ్వి, కవరు చొక్కా జేబులో పెట్టుకుని, షెల్ఫు మీది ఎర్ర సీసాకేసి ఒకసారి చూసి వెళ్లాడు.